ఊళ్లో సంపాదించిన పేరు వెబ్‌సైట్‌లో పోకుండా చూసుకోవడం ఎలా

మన గోదావరి వైపు వ్యాపారానికి పేరు వచ్చేది నోటి మాట మీద. ఆత్రేయపురం పూతరేకులైనా, తాపేశ్వరం కాజా అయినా, కడియం మొక్కలైనా, నరసాపురం లేసు అయినా, ఒకసారి తిన్నవాళ్లు, కొన్నవాళ్లు ఇంకొకరికి చెప్తేనే ఊరు దాటాయి. ఇప్పటికీ అంతే. కాకపోతే చెప్పేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య ఇప్పుడు ఒక ఫోన్ వచ్చి కూర్చుంది. మామగారు "ఫలానా కొట్లో తీసుకోండి అల్లుడుగారూ, బాగుంటాయి" అని చెప్తే హైదరాబాద్‌లో ఉన్న అల్లుడు వెంటనే ఆర్డర్ ఇవ్వడు, ముందు ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూస్తాడు. అప్పుడు తెరుచుకున్న సైట్ నాలుగేళ్ల కిందటి ధరలతో, ఎక్కడివో ఫోటోలతో ఉంటే మామగారి మాట మీద కలిగిన నమ్మకం అక్కడే సగం తగ్గిపోతుంది.

చిన్న కంపెనీ వెబ్‌సైట్ గురించి నన్ను ఎవరు అడిగినా మొదట ఇదే చెప్తాను. ఊళ్లో మీకు ఇప్పటికే ఉన్న పేరుకు ఆ సైట్ సాక్ష్యం చెప్పాలి. అంతకు మించి అది ఏం చేసినా లాభమే, కానీ ఈ ఒక్క పని చేయకపోతే మిగతావన్నీ దండగ.

డిజైన్ సంగతి తర్వాత. ముందు డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్, ఎవరి పేరు మీద ఉందో చూడండి. మా ఇంట్లో జరిగింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మా పిన్ని వాళ్లకి రావులపాలెం దగ్గర పూతరేకుల కొట్టు ఉంది. ఒకతనితో సైట్ చేయించారు, అతను డొమైన్ తన పేరు మీద, తన మెయిల్‌తోనే కొన్నాడు, రెండేళ్లకి ఫోన్ నంబర్ మార్చేశాడు, రెన్యువల్ చేయమని వచ్చిన మెయిల్స్ అన్నీ అతనికే వెళ్లాయి. సంక్రాంతికి వారం ముందు బెంగళూరు నుంచి పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "ఏమ్మా, మీ సైట్ తెరిస్తే ఏదో పేకాట వస్తోంది, వ్యాపారం మానేశారా?" అని అడిగేదాకా ఎవరికీ తెలియదు. గడువు తీరిన డొమైన్‌ని ఇంకెవరో కొనేశారు. పెట్టెల మీద, సంచుల మీద, కార్డుల మీద అచ్చేయించిన అడ్రస్ అది. ఆ పండగంతా పిన్ని టెన్షన్‌తోనే గడిపింది.

కాబట్టి డొమైన్ మీ మెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. ఎన్నేళ్లకు వీలైతే అన్నేళ్లకు ఒకేసారి కట్టి, ఆటో రెన్యువల్ పెట్టండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లు ఉంచడానికి అద్దెకు తీసుకునే చోటు, అది కూడా అంతే. సైట్ చేసే అబ్బాయి ఎంత మంచివాడైనా సరే, కొట్టు తాళం మీ దగ్గరే ఉండాలి కదా. డొమైన్ మీ చేతిలో ఉంటే మెయిల్ కూడా ఆ పేరుతోనే పెట్టుకోవచ్చు. లక్షల రూపాయల మొక్కలు కొనడానికి వచ్చిన కాంట్రాక్టర్‌కి కొటేషన్ మీ సొంత నర్సరీ పేరుతో ఉన్న మెయిల్ నుంచి వెళ్తే ఒక లెక్క, అంకెలు తగిలించిన ఉచిత మెయిల్ నుంచి వెళ్తే ఇంకో లెక్క.

ఇక ఫోటోలు. నా దృష్టిలో సైట్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీ వాళ్లు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. వెబ్‌పేజీని సెకనులో ఇరవయ్యో వంతు సేపు, అంటే 50 మిల్లీసెకన్లు మాత్రమే చూపించినా, చూడ్డానికి అది బాగుందా లేదా అన్న అభిప్రాయం మనుషుల్లో ఏర్పడిపోతోందని అందులో తేలింది. అంత తక్కువ సేపట్లో ఎవరూ ఒక్క అక్షరం చదవరు. బొమ్మ, రంగు, ఖాళీ జాగా, ఇవే కంటికి తగులుతాయి.

మరి మన సైట్లలో ఆ మొదటి బొమ్మ ఏముంటోంది? సూటు వేసుకున్న తెల్లవాళ్లు ఇద్దరు చేతులు కలుపుకుంటూ ఉంటారు. లేదా కోనసీమ అని పైన రాసి కింద కేరళ హౌస్‌బోట్ పెడతారు. మనవాళ్లు ఆ పడవను చూడగానే పోల్చేస్తారు, ఫోటోయే వీళ్లది కానప్పుడు సరుకు మాత్రం వీళ్లదేనా అన్న అనుమానం మొదలవుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆ అనుమానం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్లు అంత దూరం నుంచి వచ్చి చూసుకోలేరు.

మీ దగ్గర తీయదగ్గవి బోలెడు ఉన్నాయి. పూతరేకులే తీసుకోండి. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగేసరికి కాగితం కంటే పలచగా లేచే రేకు. ఆ ఒక్క క్షణం తీసిన ఫోటో ముందు ఏ కొన్న ఫోటో నిలబడుతుంది చెప్పండి. పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య ఏటవాలు ఎండలో మామూలు ఫోన్‌తో తీసినా బాగా వస్తుంది, ఫ్లాష్ మాత్రం వద్దు. కెమెరా వైపు చూసి నవ్వమని ఎవరికీ చెప్పకండి, పని చేసుకుంటున్న చేతులు తీయండి. ముఖాలు పడేటట్టయితే వాళ్లని అడిగే తీయండి. కొట్టు ముందు భాగం బోర్డుతో సహా ఒకటి, లోపల ఒకటి, ప్యాక్ చేసిన పెట్టె తెరిచి ఒకటి, పెట్టెలో ఎన్ని వస్తాయో తెలిసేలా లెక్కపెట్టగలిగే దూరం నుంచి ఇంకొకటి. కడియం నర్సరీ అయితే మొక్క పక్కన మనిషి నిలబడాలి, అప్పుడే ఎత్తు తెలుస్తుంది. ఫోటోలో పచ్చదనం యాప్‌లో పెంచకండి, లారీ దిగిన మొక్క ఆ రంగులో లేకపోతే పోయేది మీ పేరే.

తీసిన ఫోటోలను అలాగే ఎక్కించకండి. ఇప్పటి ఫోన్లలో ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, అలాంటివి పది పెడితే లంక ఊళ్లో సిగ్నల్ ఒక గీత ఉన్నవాడికి సైట్ తెరుచుకోదు. వెబ్‌పి అనే తక్కువ సైజు ఫోటో ఫార్మాట్‌లోకి మార్చి ఒక్కోటి రెండు వందల కేబీ లోపు ఉండేలా చేయమని చెప్పండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రస్ వేస్తే ఉచితంగా లెక్క చెప్తుంది, పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్ల లోపు కనబడితే మంచిదని వాళ్ల కొలత. ఇంకొక సంగతి, సైట్‌కి హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఏర్పాటు) లేకపోతే క్రోమ్ బ్రౌజర్ 2018 జూలై నుంచి అడ్రస్ పక్కన సురక్షితం కాదని చూపిస్తోంది. మీ కొట్టు గుమ్మానికి ఎవరో "ఇక్కడ జాగ్రత్త" అని బోర్డు కట్టినట్టే అది. దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది, హోస్టింగ్ వాళ్లని అడిగితే పెట్టేస్తారు.

తర్వాత మాటలు. మీ కొట్టుకు ఫోన్ చేస్తే "ఆయ్, చెప్పండి" అని ఎంతో మర్యాదగా పలుకుతారు. అదే సైట్ తెరిస్తే "ప్రపంచ స్థాయి నాణ్యతతో వినూత్న పరిష్కారాలు అందించే అగ్రగామి సంస్థ" అని ఉంటుంది. రెండూ ఒకే మనుషులవని ఎవరు నమ్ముతారు? ఆ వాక్యంలో పూతరేకులు తీసేసి సిమెంటు పెట్టినా సరిపోతుంది, అంటే అది మీ గురించి ఏమీ చెప్పడం లేదనే. "మా గురించి" పేజీ రాయడానికి ఒక తేలిక దారి ఉంది. కొత్త కస్టమర్ కొట్లోకి వచ్చి "ఎప్పటి నుంచి చేస్తున్నారండి, ఎవరు చేస్తారు, నెయ్యి ఎక్కడిది" అని అడిగినప్పుడు మీరు ఏం చెప్తారో ఫోన్‌లో రికార్డ్ చేసుకుని దాన్నే రాయండి. ఏ సంవత్సరంలో మొదలుపెట్టారు, ఏ బియ్యం వాడతారు, రోజుకి ఎంతమంది పని చేస్తారు, ఇలాంటి వివరం ఒక్కటి పది పొగడ్తల పెట్టు.

తెలుగులో కూడా పెట్టండి, పెట్టేది సరిగ్గా పెట్టండి. ప్రెస్‌లో కరపత్రం కోసం 'అను' అనే ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ని అలాగే అతికిస్తే సైట్‌లో అర్థం లేని గుర్తులు పడతాయి, దాన్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల్లోకి మార్చాలి. బొమ్మగా పెడదామంటే ఫోన్‌లో చదవలేరు, వెతికినప్పుడు దొరకడమూ కష్టమే. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. అక్షరాల కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు పెట్టిన వరసల ఎడం మనకు చాలదు, ఒత్తు వెళ్లి కింది వరస గుడికి తగులుతుంది, ఆ ఎడం పెంచమని డిజైనర్‌కి తప్పకుండా చెప్పండి. అచ్చుతప్పులు మీ ఇంట్లో బాగా చదువుకున్నవాళ్లతో చూపించుకోండి.

అడ్రస్ దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి వెళ్లింది, కడియం తూర్పు గోదావరిలోనే ఉంది. సైట్‌లో ఒక జిల్లా, బిల్లు మీద ఇంకో జిల్లా, గూగుల్ మ్యాప్‌లో మూడో చోటు ఉంటే దూరాన ఉన్నవాడికి అది మోసంలా కనబడుతుంది. పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి.

లైసెన్సులు దాచుకోకండి. తినే సరుకైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబర్, ఉంటే జీఎస్టీ నంబర్ పేజీ అడుగున పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కదా అని ఆ ముద్రను ఎవరు పడితే వాళ్లు సైట్‌లో పెట్టేసుకోకూడదు, అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకున్నవాళ్లకే ఆ హక్కు. నమోదు చేయించుకోండి, అప్పుడు గర్వంగా పెట్టుకోండి.

అమ్మకం సైట్‌లోనే చేసేటట్టయితే 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు చదవండి, లేదా మీ ఆడిటర్‌ని అడగండి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, నంబర్ సైట్‌లో ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కస్టమర్ పేరుతో మనమే రివ్యూలు రాసుకోవడం కూడా ఆ నిబంధనల ప్రకారం తప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా, పూతరేకులు కొరియర్‌లో విరుగుతాయని అందరికీ తెలుసు. విరిగితే ఏం చేస్తారో ముందే రాసేయండి. "పెట్టె తెరవగానే ఫోటో తీసి వాట్సాప్ చేయండి, ఇన్ని రోజుల్లో మళ్లీ పంపుతాం" అన్న రెండు వాక్యాలు కొత్తవాళ్ల భయం తీరుస్తాయి. ఎన్నాళ్లు నిలవ ఉంటాయో, డెలివరీ ఛార్జీ ఎంతో కూడా ముందే చెప్పండి. చివర్లో డబ్బు కట్టేటప్పుడు కొత్త ఛార్జీ కనబడితే ఎవరికైనా మనసు విరుగుతుంది.

భీమవరం వైపు రొయ్యల ఎగుమతి కంపెనీలకు ఇదంతా ఇంకో రకంగా వర్తిస్తుంది. వాళ్ల కొనుగోలుదారు సముద్రం అవతల ఉంటాడు, ఫోటోల అందం కంటే ప్లాంటు సామర్థ్యం, ఏ సైజు రొయ్య, ఏ ప్యాకింగ్, రొయ్యల పెంపకం పద్ధతులకు ఇచ్చే బీఏపీ లాంటి సర్టిఫికెట్ల గడువు ఎప్పటిదాకా అన్నవి చూస్తాడు. గడువు తీరిన సర్టిఫికెట్ సైట్‌లో ఉండటం కంటే లేకపోవడమే మేలు, రెన్యువల్ అయిన రోజే కొత్తది పెట్టాలి.

సైట్ చేయించాక వదిలేయకండి, పాడయ్యేది అప్పుడే. ఆషాఢంలో సంక్రాంతి ఆఫర్ బ్యానర్ కనబడితే లోపల మనుషులు ఉన్నారా అనిపిస్తుంది. నెలకు ఒక రోజు పెట్టుకుని ధరలు, నంబర్లు, బ్యానర్లు చూసుకోండి, ఆర్డర్ ఫారం నుంచి మీరే ఒక పరీక్ష ఆర్డర్ పెట్టి మీ దాకా వస్తోందో లేదో చూడండి. వరదల రోజుల్లో మాత్రం రోజూ చూడాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పటి పరిస్థితి మనకు తెలుసు, బయట ఊళ్లవాళ్లకి తెలియదు. అలాంటప్పుడు "వరద వల్ల పార్సిళ్లు కదలడం లేదు, దారి తెరిచాక వరుసలో పంపుతాం, వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాం" అని హోమ్‌పేజీ పైనే పెట్టేయండి. ఇలా ముందే చెప్పిన కొట్టును జనం ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు.

రంగులు, లోగో గురించి ఎక్కువ చెప్పను. మీ బోర్డు మీద, పెట్టె మీద ఏ రంగులు ఉన్నాయో సైట్‌లో అవే ఉంచండి, చాలు.

అంతా అయ్యాక మీ కొట్టు ఎప్పుడూ చూడని ఒకరికి, వీలైతే పెద్దావిడకి, ఫోన్ ఇచ్చి సైట్ తెరవమనండి. మీరు పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి. వీళ్లు ఏం అమ్ముతారు, ఎక్కడుంటారు, సరుకు బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అని ఈ మూడే అడగండి. మేము పిన్ని వాళ్ల కొత్త సైట్‌ని మా పక్కింటి మామ్మగారికి ఇచ్చి చూపించాం. మొదటి రెండూ ఆవిడ ఇట్టే చెప్పేశారు, మూడోదానికి పేజీ అంతా కిందికీ పైకీ జరిపి, "నంబరు ఏదమ్మా?" అన్నారు. ఆ సాయంత్రమే నంబర్‌ని పెద్ద అక్షరాలతో పైకి తెచ్చాం.