గాలం పాఠాలు – 4: నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయి?

కిందటి పాఠంలో బెండుకు తగ్గ సీసం కట్టడం చూశాం. ఈసారి పాఠం ఎర డబ్బా మూత తీయకముందే మొదలవుతుంది. ముందు నీళ్ళు చూడాలి.

1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త తెల్లటి బిళ్ళను సముద్రంలోకి దించి, అది ఎంత లోతున మాయమవుతుందో కొలిచాడు. మనకూ అదే పద్ధతి చాలు. తెల్లటి డబ్బా మూతకు బరువు కట్టి, తాడుకు పది సెంటీమీటర్లకో ముడి వేసి, ఎండ తళుకు లేని వైపు దించండి. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు, రెండింటి సగటు తీసుకోండి. నా లెక్కలో మీటరు దాటితే తేట నీళ్ళు, ముప్పై సెంటీమీటర్ల లోపైతే బురద నీళ్ళు.

తేట నీళ్ళలో చేపకు ఎర దూరం నుంచే కనబడుతుంది. దారం కూడా, గట్టు మీద మీరు కూడా! సన్నని దారం, చిన్న ఎర, దూరంగా విసరడం, నీడ నీటిమీద పడనీయకపోవడం, ఇంతే.

బురద నీళ్ళు వచ్చాయనగానే చాలామంది గాలం చుట్టేస్తారు. తొందరపాటు అది. చేపకు ఆకలి పోదు, తిండి వెతికే తీరు మారుతుంది. కొరమీను లాంటి కంటిచూపు వేటగాడు దగ్గరికొచ్చిన ఎరనే పట్టగలదు. జెల్లలకు మీసాలే నాలుక, చీకట్లోనూ రుచి తెలుస్తుంది. పైగా చేపల ఒంటి పక్కన ఉండే గీత నీటిలో దగ్గరి కదలికను పసిగడుతుంది. కాబట్టి జెల్లలకైతే వాసన ఉన్న ఎర వేసి కదపకుండా ఉంచండి. కొరమీనుకు ముదురు రంగు, నీళ్ళను బాగా కదిలించే కృత్రిమ ఎర కట్టి, నిదానంగా, ఆగకుండా లాగండి. గట్టుకు దగ్గరగా, కలుపు అంచున వేయండి. బురద నీరు తేట నీటిలో కలిసే గీత కనిపిస్తే మాత్రం ఇంకెక్కడికీ వెళ్ళకండి. వేటాడే చేపలు తరచూ అక్కడే మాటు వేస్తాయి.

పచ్చటి నీళ్ళ సంగతి వేరు. ఆ పచ్చదనం నాచుది. అది పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. చిక్కటి పచ్చనీటిలో తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటి, చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. అప్పుడు ఎర ముట్టవు. కోడికూతకు పరిగెత్తకుండా, ఎండ బాగా వచ్చాక వెళ్ళండి.

అభ్యాసం: ఒకే రోజు రెండు చోట్ల మూత దించి లోతు రాసుకోండి. రెండుచోట్లా అదే ఎర వేసి, బెండు ఎక్కడ ముందు కదిలిందో పక్కన రాయండి. ఐదో పాఠంలో గాలి సంగతి చూద్దాం.