మాన్యుఫాక్చరింగ్ ఇంజినీరింగ్ బీటెక్: ఒక్క షాఫ్ట్ చుట్టూ నాలుగేళ్ల సబ్జెక్టులు

కటింగ్ స్పీడ్ సూత్రాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసినవాళ్లు కూడా లేత్ ముందు నిలబడ్డాక ఎంత ఆర్‌పీఎం పెట్టాలో తేల్చుకోలేకపోతుంటారు. డ్రాయింగ్, మెషినింగ్, మెట్రాలజీ (కొలతల శాస్త్రం), క్వాలిటీ అన్నీ వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు నోట్‌బుక్కుల్లో ఉండిపోవడమే దీనికి కారణం. అందుకే ఈ పద్ధతి: మొదటి ఏడాదే ఒక భాగాన్ని ఎంచుకుని, వచ్చిన ప్రతి సబ్జెక్టునూ దాని మీదే ప్రయోగించండి.

సీటు సంగతి క్లుప్తంగా. ఎన్‌ఐటీ తిరుచిరాపల్లి, ఎన్‌ఐటీ కాలికట్‌లలో ఇది ప్రొడక్షన్ ఇంజినీరింగ్ పేరుతో ఉంది; జేఈఈ మెయిన్ ద్వారా చేరాలి. బిట్స్ పిలానీలో మాన్యుఫాక్చరింగ్ పేరుతోనే ఉంది, దానికి బిట్‌శాట్. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మెకానికల్‌లో చేరినవాళ్లకూ కింద చెప్పేదంతా పనికొస్తుంది.

మన భాగం ఇది. 32 మి.మీ. వ్యాసం, 125 మి.మీ. పొడవున్న మైల్డ్ స్టీల్ కడ్డీ. ఫేసింగ్ (చివరలను కోసి చదును చేయడం) అయ్యాక 120 మి.మీ. మిగలాలి: 20 మి.మీ. కాలర్, 60 మి.మీ. పొడవున 25 మి.మీ. వ్యాసం, చివరి 40 మి.మీ.లో 25 నుంచి 20కి టేపర్, అంటే క్రమంగా సన్నబడే భాగం. ముందు దీన్ని ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ పద్ధతిలో చేత్తో గీయండి. క్యాడ్ తర్వాత.

కొలతలు రాసేటప్పుడు '25' అని వదిలేయకండి. ఏ మెషినూ కచ్చితంగా 25 ఇవ్వదు. షాఫ్ట్ దూరే రంధ్రానికి పెద్ద అక్షరం హెచ్7, షాఫ్ట్‌కు చిన్న అక్షరం జీ6 (కొలత ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే టాలరెన్స్ గుర్తులు) అనుకుంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్ట్ 24.980 నుంచి 24.993 వరకు ఉండొచ్చు. రెండింటి మధ్య ఖాళీ కనీసం 7, గరిష్ఠంగా 41 మైక్రాన్లు. షాఫ్ట్‌కు దొరికిన వెసులుబాటు 13 మైక్రాన్లే. కాలేజీ లేత్ మీద అది పట్టడం కష్టం, అది గ్రైండింగ్ పని. కాబట్టి మొదటి జాబ్‌కు చిన్న అక్షరం హెచ్9 పెట్టుకోండి: 24.948 నుంచి 25.000 వరకు. టాలరెన్స్ ఎంత బిగిస్తే ఖర్చు అంత పెరుగుతుందనే పాఠం ఇక్కడే అర్థమవుతుంది.

ఇక లేత్. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడ్ తీసుకోండి. 25ని 1000తో గుణించి, 3.1416తోనూ మి.మీ.లలో ఉన్న వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 32 మి.మీ. దగ్గర 249, 25 మి.మీ. దగ్గర 318. మీ లేత్ గేర్లలో ఆ అంకె లేకపోతే దానికి దగ్గరగా ఉన్న తక్కువ స్పీడే పెట్టాలి. ఫీడ్ (కడ్డీ ఒక్కసారి తిరిగేలోగా టూల్ జరిగే దూరం) 0.2 మి.మీ. అయితే 100 మి.మీ. పొడవున మొదటి పాస్‌కు సుమారు 2 నిమిషాలు పడుతుంది. 1 మి.మీ. లోతుతో మూడు పాస్‌లు వేస్తే వ్యాసం 26కి వస్తుంది. మిగిలిన అర మి.మీ. లోతు ఫినిషింగ్‌కు, తక్కువ ఫీడ్‌తో.

ఎక్కువ జాబ్‌లు పాడయ్యేది టూల్‌ను కడ్డీలోకి జరిపే క్రాస్ స్లైడ్ డయల్ దగ్గరే. కొన్ని లేత్‌లలో డయల్ లోతును చూపిస్తుంది, కొన్నింటిలో వ్యాసంలో తగ్గేదాన్ని. తెలియకుండా తిప్పితే కోత రెట్టింపవుతుంది. చిన్న ట్రయల్ కట్ వేసి, డయల్ తిప్పినంతకు వ్యాసం ఎంత తగ్గిందో మైక్రోమీటర్‌తో చూశాకే ముందుకు వెళ్లండి. కడ్డీ చక్ బయటకు వ్యాసానికి మూడు రెట్లకు మించి వస్తే రెండో చివరకు టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించాలి. లేకపోతే కడ్డీ వంగి, బయటి చివర లావుగా మిగులుతుంది. సెంటర్ ఆనించినా రెండు చివర్ల వ్యాసం తేడాగా ఉంటే టెయిల్‌స్టాక్ పక్కకు జరిగి ఉందేమో చూడండి.

టేపర్‌కు, వ్యాసాల తేడా 5ని పొడవుకు రెట్టింపైన 80తో భాగిస్తే 0.0625. అది టాన్ విలువ. కోణం 3 డిగ్రీల 35 నిమిషాలు. టూల్‌ను కోణంలో నడిపే కాంపౌండ్ రెస్ట్‌ను అంతే తిప్పాలి. ఆ రెట్టింపును మరచి 40తో భాగిస్తే కోణం 7 డిగ్రీలు దాటుతుంది. టూల్ మొన సెంటర్ ఎత్తులో లేకపోతే టేపర్ నేరుగా రాక కొద్దిగా వంపు తిరుగుతుంది.

చక్ కీ చక్‌లో వదిలి మెషిన్ ఆన్ చేయకండి. గ్లౌజులు, వేలాడే చున్నీ, గొలుసు, వదులు చేతుల చొక్కా లేత్ దగ్గరికి రాకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

కోసిన వెంటనే వేడి మీద కొలవొద్దు. స్టీల్ మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 60 డిగ్రీలున్న జాబ్ 30 డిగ్రీలకు చల్లారితే 25 మి.మీ. వ్యాసం 9 మైక్రాన్ల దాకా తగ్గుతుంది. జీ6కు ఉన్న 13లో చాలా భాగం అలా పోతుంది.

టూల్ లైఫ్ చదివేటప్పుడు, కటింగ్ స్పీడ్‌ను టూల్ ఆయుష్షుతో కలిపే టేలర్ సమీకరణాన్ని ఇదే జాబ్‌కు వేయండి. అందులో ఆయుష్షు మీద ఉండే ఘాతం హెచ్‌ఎస్‌ఎస్‌కు సుమారు 0.125, కార్బైడ్‌కు 0.25. స్పీడ్ 20 శాతం పెంచితే కార్బైడ్ టూల్ ఆయుష్షు సగానికి, హెచ్‌ఎస్‌ఎస్‌ది నాలుగో వంతు కన్నా కిందకు పడిపోతుంది. తొందరపడి స్పీడ్ పెంచితే టూల్ ఎందుకు మాడిపోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

క్యాస్టింగ్ క్లాసులో ఈ షాఫ్ట్‌కు బేరింగ్ హౌసింగ్ ఊహించుకోండి. గ్రే ఐరన్ చల్లారితే మీటరుకు సుమారు 10 మి.మీ. కుదించుకుంటుంది. 300 మి.మీ. హౌసింగ్‌కు ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు తీసే నమూనా) 303 ఉండాలి, మెషినింగ్ అలవెన్స్ వేరు. ఇసుకలో తేమ ఎక్కువైతే బ్లోహోల్స్ (లోపల గాలి బొరియలు) వస్తాయి.

సీఎన్‌సీకి (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్‌కు) వచ్చాక ఇదే షాఫ్ట్‌కు ప్రోగ్రామ్ రాయండి. జీ96 అనే ప్రోగ్రామ్ కోడ్‌తో స్థిరమైన కటింగ్ స్పీడ్ పెట్టి, ఫానక్ కంట్రోల్‌లో జీ50తో గరిష్ఠ ఆర్‌పీఎం కట్టడి చేయకపోతే, ఫేసింగ్‌లో టూల్ మధ్యకు వచ్చేకొద్దీ స్పిండిల్ వేగం మెషిన్ హద్దు దాకా ఎగబాకుతుంది. కొన్ని సెట్టింగుల్లో ఎక్స్50 పక్కన దశాంశ బిందువు లేకపోతే దాన్ని 0.050గా తీసుకుంటుంది. అందుకే మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్ చొప్పున), జాబ్ లేకుండా నడపాలి.

క్వాలిటీ సబ్జెక్టులో ఇలాంటి షాఫ్ట్‌లు కనీసం 25 కొలిచిన లెక్క కావాలి. టాలరెన్స్ 52 మైక్రాన్లు, సిగ్మా (కొలతల చెదురుబాటు) 10 మైక్రాన్లు అయితే సీపీ, అంటే టాలరెన్స్‌ను ఆరు సిగ్మాలతో భాగిస్తే వచ్చే ప్రాసెస్ సామర్థ్య సూచిక, 0.87. పరిశ్రమ సాధారణంగా అడిగే 1.33 రావాలంటే సిగ్మా 6.5కు దిగాలి. టూల్ అరుగుదల, వేడి, డయల్ లూజు, వీటిలో ముందు దేన్ని సరిచేయాలో అప్పుడు మీరే చెప్పగలుగుతారు.

వేసవి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కోసం కాకుండా షాప్ ఫ్లోర్ కోసం వెతకండి. బాలానగర్, జీడిమెట్లలోని చిన్న మెషినింగ్ యూనిట్లు, విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లు ఇందుకు మంచి చోట్లు. వెళ్లాక ఒక భాగం ప్రాసెస్ షీట్, ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్, రిజెక్షన్ రిజిస్టర్ చూపించమని సూపర్‌వైజర్‌ను అడగండి. గేట్ రాయాలంటే ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పేపర్, కోడ్ పీఐ. మీరు చేరాలనుకుంటున్న ఎంటెక్ లేదా ఉద్యోగం ఆ కోడ్‌ను తీసుకుంటుందో లేదో నోటిఫికేషన్‌లో చూశాకే ఫారం నింపండి.