కూల్‌డ్రింక్ పొంగినా, చప్పబడినా: ఫ్రిజ్‌ను తిట్టే ముందు ఇవి చూడండి

ఎండాకాలం మొదలైతే చాలు, నల్గొండ చుట్టుపక్కల కిరాణా షాపుల నుంచి నాకు ఒకటే ఫోను: "అన్నా, ఫ్రిజ్‌లో ఏదో తేడా ఉంది, డ్రింకులు బాగుండట్లేదు." చాలాసార్లు ఫ్రిజ్‌లో ఏ తేడా ఉండదు.

మూత తీయగానే పొంగుతోంది

లోపల ఇంకా వెచ్చగా ఉంది, అంతే. సీసా చేతికి చల్లగా తగిలినంత మాత్రాన నడిమధ్య దాకా చల్లబడినట్టు కాదు. రెండు లీటర్ల సీసాకు గంట చాలదు, పొద్దున అమ్మేది రాత్రే పెట్టాలి. గిరాకీ ఎదురుగా నిలబడి ఉంటే వట్టి ఐసు మీద కాదు, ఐసు వేసిన నీళ్లలో ముంచండి. నీళ్లు సీసాను అన్ని వైపులా తాకుతాయి కాబట్టి తొందరగా చల్లబడుతుంది. ఆటోలో కుదుపులు తిన్న సరుకును వెంటనే తీయొద్దు.

చల్లగానే ఉంది, కానీ గ్యాస్ లేదు

అసలు తంటా ఇక్కడే. డ్రింక్‌లోని గ్యాస్, అంటే కార్బన్ డయాక్సైడ్, పోయింది ఫ్రిజ్‌లో కాదు, వెనక రేకుల గదిలో. మామూలు గాలి పీడనంలో సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర అర లీటరే. మేలో బయటే 44 దాకా పోతుంటే రేకుల కింద సంగతి చెప్పక్కర్లేదు. వేడికి గ్యాస్ డ్రింక్‌లోంచి బయటికొచ్చి మూత కింది ఖాళీలో చేరి ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి, ఆ వేడికి ప్లాస్టిక్ గోడలోంచే కొంచెం కొంచెంగా బయటికి జారుకుంటుంది. మూత సీలు చెక్కుచెదరదు, డేటు కూడా దాటదు.

మోసం ఎక్కడంటే, ఆ గదిలో సీసా నొక్కితే రాయిలా గట్టిగా ఉంటుంది. "గ్యాస్ ఫుల్లుగా ఉంది" అని షాపాయన ధీమా. ఆ గట్టిదనం వేడిది. పోయిన గ్యాస్‌ను ఏ ఫ్రిజ్జూ తిరిగి తేలేదు.

చెక్ చేయడం సులువు. పాత కేసులోంచి ఒకటి, కొత్త కేసులోంచి అదే సైజుది ఒకటి, రెండూ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున నొక్కి చూడండి. పాతది కొత్తదాని కంటే మెత్తగా ఉంటే దొంగ దొరికినట్టే. చల్లటిదాన్ని వేడిదానితో పోల్చొద్దు, చల్లటిది ఎప్పుడైనా వేడిదాని కంటే మెత్తగానే ఉంటుంది.

సరుకును రేకుల గదిలోంచి శ్లాబు కింద నీడకు మార్చండి. ముందొచ్చింది ముందు అమ్మండి, చిన్న సీసాలు ఇంకా ముందు: వాటిలో డ్రింక్ తక్కువ, దానికి తగిలే ప్లాస్టిక్ ఎక్కువ. గాజు గోలీ సోడాకు ఈ బాధ లేదు, గాజులోంచి గ్యాస్ పోదు. కానీ దాన్ని ఎండలో పెడితే పగిలే ప్రమాదం ఉంది.

గడ్డకట్టింది

థర్మోస్టాట్‌ను, అంటే చల్లదనం సర్దే బిళ్లను, చల్లదనం తగ్గే వైపు తిప్పండి. డైట్ డ్రింకులు ముందు గడ్డకడతాయి, వాటిలో చక్కెర ఉండదు కదా.

మూత లోపం, డూప్లికేట్ సరుకు అరుదు. అనుమానముంటే సరుకు దిగిన రోజే ఒకటి చల్లబరిచి తాగి చూడండి. అప్పుడే చప్పగా ఉంటే నాకు కాదు, డీలర్‌కు ఫోన్ చేయండి.