ఇంట్లోనే బైక్ లిఫ్టు చేసుకోవడం: జాకీ ఎక్కడ ఆనాలో తేలితే సగం పని అయినట్టే

నలభై దాటాక నేల మీద చతికిలబడి చైన్ స్ప్రాకెట్లు మార్చడం మన వల్ల కాదని ముందు నా నడుమే చెప్పేసింది, ఆ తర్వాత మా ఆవిడ కూడా చెప్పింది. ఇంట్లో ఉన్నవి రెండు బండ్లు, నా క్లాసిక్ 350 ఒకటి, నాన్న స్ప్లెండర్ ఒకటి. స్ప్లెండర్ 112 కేజీలే కాబట్టి ఎలాగోలా నెట్టుకొస్తాం, క్లాసిక్ మాత్రం 195 కేజీలు, దాన్ని ఇటుకల మీద ఎక్కించి పని చేసే వయసు దాటిపోయింది. బండిని బల్లతో సహా పైకి లేపే రెడీమేడ్ లిఫ్టు ధర విన్నాక విజయవాడ ఆటోనగర్లో ఇనుము కొని నేనే చేసుకుందామని డిసైడయ్యాను. మొదటిది వంగిపోయింది, రెండోది ఇప్పటికీ షెడ్డులో పని చేస్తోంది, ఇక్కడ చెప్పేది ఆ రెండోదాని గురించి.

కాళ్ళు ఎక్స్ ఆకారంలో ఉండే కత్తెర మోడల్ జోలికి నేను పోలేదు, అందులో జారే రోలర్లు, వాటికి గాడులు, అదంతా ఇంట్లో కచ్చితంగా రావడం కష్టం. నాలుగు కాళ్ళ మోడల్ తేలిక. కింద ఒక ఫ్రేము, పైన బల్ల, రెంటికీ మధ్య ఒకే పొడుగున్న నాలుగు కాళ్ళు, రెండు చివర్లా పిన్నులు. కాళ్ళు పడుకుంటే బల్ల దిగుతుంది, లేస్తే పైకెళ్తుంది, బల్ల ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. లేపడానికి కార్ల కింద పెట్టే 2 టన్నుల ట్రాలీ జాకీ చాలు.

కొలతలు ఇవీ. బల్ల 2100 ఎమ్ఎమ్ పొడుగు, 600 వెడల్పు, అంటే సుమారు 7 అడుగులు 2 అడుగులు. క్లాసిక్‌కి చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకి 1390 ఎమ్ఎమ్ కాబట్టి టైర్లు కలుపుకుని సరిపోతుంది. ఫ్రేముకి 50 బై 50, 3 ఎమ్ఎమ్ మందం ఎమ్ఎస్ (పూత లేని మామూలు ఇనుము) చదరపు పైపు, బల్ల మీదకి 3 ఎమ్ఎమ్ చెకర్ ప్లేటు, అంటే జారకుండా పైన గీతలు పొంగి ఉండే రేకు. చెకర్ ప్లేటు 8 బై 4 అడుగుల షీటు తీసుకుంటే అందులో రెండు బల్లలు వస్తాయి, కాబట్టి లిఫ్టు కావాలనే ఫ్రెండు ఒకడుంటే షీటు ఖర్చు సగం. కాళ్ళకీ అదే పైపు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 800 ఎమ్ఎమ్. ముందు జతకీ వెనక జతకీ మధ్య దూరం 1100. పైపు 20 అడుగుల లెంగ్తుల్లో అమ్ముతారు, కాగితం మీద ముక్కలు సర్దుకుని వెళ్తే తుక్కు తగ్గుతుంది. ర్యాంపుతో కలిపి మొత్తం ఇనుము 130 కేజీల దాకా అయింది, ఆ రోజు కేజీ రేటు పెట్టి గుణించుకోండి. పాత జీఐ పైపులు ఇంట్లో పడున్నాయి కదా అని వాటిని మాత్రం వెల్డింగ్ చెయ్యొద్దు, పైన ఉన్న జింకు పూత కాలి వచ్చే పొగ పీలిస్తే రాత్రికి జ్వరం, చలి పట్టుకుంటాయి.

ఇక జాకీ సంగతి. జాకీ నేరుగా బల్లని నెడితే బల్ల అది ఎత్తినంతే లేస్తుంది, ట్రాలీ జాకీ ఎత్తేదేమో 200 ఎమ్ఎమ్, అంటే 8 అంగుళాలు, ఆ మాత్రానికి లిఫ్టు ఎందుకు. అందుకని జాకీ కాళ్ళని నెట్టాలి, అదీ కింది పిన్నుకి దగ్గర్లో. వెనక రెండు కాళ్ళనీ కలుపుతూ కింది పిన్ను నుంచి 267 ఎమ్ఎమ్ దూరంలో, అంటే కాలు పొడుగులో మూడో వంతు దగ్గర, ఒక అడ్డపట్టీ వెల్డ్ చేశాను, జాకీ దాని కింద ఆనుతుంది. జాకీ 15 సెంటీమీటర్లు లేపితే బల్ల అర మీటరు పైనే లేస్తుంది. ఊరికే రాదుగా, ఎత్తు ఎంత పెరిగిందో బరువూ అంత పెరుగుతుంది. బండి 195, బల్ల ఓ 65, మొత్తం 260 కేజీలు, జాకీ మీద పడేది మొదట్లో 800 కేజీలు, పూర్తిగా లేచేసరికి 1200 కేజీలకి దగ్గర. 2 టన్నుల జాకీకి ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా అడ్డపట్టీకే.

నా మొదటి లిఫ్టు వంగింది అక్కడే. 40 బై 40, 2 ఎమ్ఎమ్ పైపు ముక్క ఒకటి మిగిలితే అదే వేశాను, స్ప్లెండర్‌ని బాగానే లేపింది, క్లాసిక్ ఎక్కించి సగం దాకా లేపేసరికి పట్టీ విల్లులా వంగి జాకీ తల పక్కకి జారబోయింది, మా తమ్ముడు ఎదురుగా ఉండి బండి పట్టుకోబట్టి బతికిపోయాను. ఇప్పుడున్నది 60 బై 60, 4 ఎమ్ఎమ్ పైపు. దీనికన్నా తక్కువ వేసి పొదుపు చెయ్యొద్దు, అది అర మీటరు ముక్క, మిగిలేది కూడా ఏం ఉండదు. జాకీ తల జారకుండా పట్టీ అడుగున చిన్న గిన్నెలా రింగు ఒకటి వెల్డ్ చెయ్యండి.

ఇంకో చిక్కుంది. నా జాకీ పూర్తిగా దించినా 135 ఎమ్ఎమ్ ఎత్తుంటుంది, బల్ల దిగి ఉన్నప్పుడు అడ్డపట్టీని కాలికి నేరుగా వేస్తే అంతకన్నా కిందకి వచ్చేస్తుంది, జాకీ లోపలికే దూరదు. అందుకని కాళ్ళ మీద 65 ఎమ్ఎమ్ ఎత్తుండే బ్రాకెట్లు నిలబెట్టి వాటికి పట్టీ వేశాను. మీ జాకీ కొలిచాకే బ్రాకెట్ కొయ్యండి, ముందు కోసేసి తర్వాత కొలిస్తే ఏమవుతుందో నన్ను అడగక్కర్లేదు.

బల్ల ఇంకా కిందకి దిగితే ర్యాంపు చిన్నది సరిపోతుంది కదా అని కాళ్ళని నేలబారుగా పడుకోబెట్టకండి. కాళ్ళు ఎంత పడుకుంటే పిన్నుల మీద లాగుడు అంత ఎక్కువ, 10 డిగ్రీల దగ్గరే కాలి మీద పడేది ఆ కాలు మోసే బరువుకి దాదాపు 6 రెట్లు. 10 డిగ్రీలకి తగ్గకుండా, అంటే పై పిన్ను కింది పిన్ను కన్నా 140 ఎమ్ఎమ్ ఎత్తులో ఆగిపోయేలా కింది ఫ్రేముకి ఆపుడు దిమ్మలు వెల్డ్ చెయ్యండి. నాది దిగినప్పుడు 230 ఎమ్ఎమ్, లేచినప్పుడు 745, స్టూలు వేసుకుని కూర్చుంటే ఇంజన్ కళ్ళెదురుగా ఉంటుంది.

పిన్నులకి ఎమ్16 బోల్టులు వాడాను, తల మీద 8.8 అని (అది బోల్టు బలం గ్రేడు) అచ్చు ఉన్నవే, లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్లతో. పైపుకి ఊరికే బెజ్జం కొట్టి బోల్టు దూర్చేస్తే 3 ఎమ్ఎమ్ గోడ కొన్నాళ్ళకి అరిగి బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, లేత్ దగ్గర 8 బుష్‌లు, అంటే బోల్టు దూరే మందపాటి గొట్టం ముక్కలు, చేయించి బెజ్జాల్లో పెట్టి వెల్డ్ చెయ్యాలి. నాలుగు కాళ్ళ బెజ్జాలూ ఒకదానితో ఒకటి అచ్చంగా కలవాలి, 2 ఎమ్ఎమ్ తేడా వచ్చినా లిఫ్టు మధ్యలో బిగుసుకుపోతుంది. టేపుతో విడివిడిగా కొలిచి కొట్టకుండా నాలుగు కాళ్ళనీ కట్టలా క్లాంపు చేసి ఒకేసారి డ్రిల్లు దించండి. చేతి డ్రిల్లుతో అది తిన్నగా రాదు, నేను లేత్ అతనికే ఇచ్చాను.

వెల్డింగ్ కొత్తగా చేసేవాళ్ళకి ఒక్క మాట. 6013 రాడ్డు, 2.5 ఎమ్ఎమ్, ఇన్వర్టర్ మెషిన్ 80 ఆంపియర్ల దగ్గర పెట్టి ముందు తుక్కు ముక్కల మీద చేతిని అలవాటు చేసుకోండి. ఫ్రేము మొత్తం ముందు టాకులతోనే, అంటే చుక్కల్లా వేసే చిన్న వెల్డింగ్‌లతోనే నిలబెట్టి, మూలమట్టం పెట్టి చూసి, ఈ మూల నుంచి ఆ మూలకి రెండు వైపులా టేపు పట్టండి, రెండూ ఒకటే వస్తేనే ఫుల్ వెల్డింగ్. ఒకే మూల దగ్గర కూర్చుని పూర్తిచేస్తే వేడికి ఫ్రేము మెలి తిరుగుతుంది, ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం వేసుకుంటూ పోవాలి. కాళ్ళు, అడ్డపట్టీ, పిన్ను బ్రాకెట్లు మాత్రం నమ్మకం లేకపోతే రెగ్యులర్‌గా చేసే వెల్డర్‌తోనే వేయించండి, మొహమాటపడే విషయం కాదిది.

కింది ఫ్రేము వెనక చివర అడ్డ పైపు వెయ్యకూడదు, జాకీ లోపలికి వచ్చేది అటు నుంచే. పైగా లేస్తున్న కొద్దీ జాకీ తన చక్రాల మీద 15 సెంటీమీటర్ల దాకా ముందుకు దొర్లుతుంది, ఆ దారిలో ఏమీ అడ్డు ఉండకూడదు, గచ్చు గరుకుగా ఉంటే ఒక ఇనప రేకు పరవండి. బల్ల కూడా లేస్తూ 330 ఎమ్ఎమ్ ముందుకు జరుగుతుంది, అంటే అడుగు పైనే. నేను ఇది మర్చిపోయి గోడకి ఆనించి పెట్టాను, మొదటిసారి లేపినప్పుడు ముందు భాగం వెళ్ళి సున్నం గీరింది, ఆ మచ్చ ఇంకా ఉంది. కింది ఫ్రేముకి రెండు పక్కలా అడుగేసి పొడుగున కాళ్ళు బయటికి తీసి గచ్చుకి యాంకర్ బోల్టులు కొట్టండి, 600 వెడల్పు మీద అంత ఎత్తున బండి నిలబడితే పక్కకి తూలే భయం అదొక్కటే.

జాకీ వదిలేసినా బల్ల పడకుండా ఆపే తాళం లేకుండా లిఫ్టు లిఫ్టే కాదు. జాకీలో ఆయిల్ సీలు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. బల్ల అడుగున కీలు మీద వేలాడే పోటు ఒకటి పెట్టాను, స్లాబు కింద పోటులు పెడతాం చూడండి అలాంటిదే, 40 బై 40, 3 ఎమ్ఎమ్ పైపు. కింది ఫ్రేములో మూడు చోట్ల వెల్డ్ చేసిన దిమ్మల్లో ఏదో ఒకదానికి అది తన్నిపెట్టి నిలబడుతుంది. లేపడం, పోటు పడేలా చూడటం, జాకీ కొంచెం వదిలి బరువంతా పోటు మీదకి దించడం, అప్పుడే స్పానర్ ముట్టుకోవడం. దించేటప్పుడు కాస్త పైకి లేపి పోటు తీసి, జాకీ వాల్వు నిదానంగా తిప్పాలి, ఒక్కసారి వదిలితే బల్ల ధబీమని పడుతుంది.

బండిని ఎక్కించడం ఇద్దరి పని. ర్యాంపు 1200 ఎమ్ఎమ్ పెడితే వాలు 11 డిగ్రీలు, ఒకరు హ్యాండిల్ దగ్గర, ఒకరు వెనక నెడుతూ. ఇంజన్ స్టార్ట్ చేసి ఎక్కించే సాహసాలు వద్దు. ముందు చక్రం దూరే వీ ఆకారం పట్టు బల్ల చివర బోల్టు చేసి ఉంచాలి, వెల్డ్ చేస్తే క్లాసిక్‌కి 19 అంగుళాల చక్రం, స్ప్లెండర్‌కి 18, ఒకదానికి సరిపోయింది ఇంకోదానికి లూజు. తర్వాత హ్యాండిల్ కింద ఫోర్కులని పట్టి ఉంచే ముక్క (మెకానిక్కులు టీ అంటారు) నుంచి రెండు పక్కలకీ ర్యాచెట్ బెల్టులు, ఫోర్కులు సగం మాత్రమే కుంగేలా. వెనక చక్రం విప్పాలంటే సెంటర్ స్టాండు వెయ్యాలి కాబట్టి స్టాండు కాళ్ళు పడే చోట ప్లేటు కింద అడ్డ పైపు తప్పనిసరి, లేకపోతే ప్లేటు సొట్ట పడుతుంది. వెనక చక్రం కిందకి దిగేలా బల్లకి కంత కోసి మూత పెట్టాను, మూత లేకపోతే ఎక్కించేటప్పుడు చక్రం అందులో పడుతుంది.

బండి పెట్టే ముందు సిమెంటు బస్తాలతో టెస్ట్ చెయ్యండి, 50 కేజీలవి 6 బస్తాలు, పూర్తిగా లేపి పోటు మీద వదిలి రాత్రంతా ఉంచి పొద్దున్నే వెల్డింగ్‌లన్నీ టార్చి వేసి చూడండి. వెంట్రుకంత బీట కనిపించినా గ్రైండర్‌తో తీసేసి మళ్ళీ వెయ్యాల్సిందే. అది దాటాకే రెడ్ ఆక్సైడు, పెయింటు, ముందే పెయింటు వేస్తే బీటలు కనపడవు. బోల్టులకి 3 నెలలకోసారి గ్రీజు, అప్పుడే నట్లు కూడా ఒకసారి చెయ్యేసి చూసుకుంటా, మొన్న ఒకటి అర చుట్టు వదులైంది.