ఒప్పందం భారమైనప్పుడు ఏ క్రమంలో ఆలోచించాలి: సివిల్ కోడ్ దేశాల పద్ధతి

ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ వంటి సివిల్ కోడ్ (పౌర చట్టాలను ఒకచోట కూర్చిన స్మృతి) దేశాల చట్టం వర్తించే ఒప్పందం మోయలేనంత భారమైనప్పుడు, దాని నుంచి బయటపడే దారి వెతికే ముందు, అది మనల్ని ఎంత గట్టిగా కట్టివేస్తుందో తెలుసుకోవాలి. చట్టబద్ధంగా కుదిరిన ఒప్పందం చేసుకున్నవారికి చట్టంతో సమానమని ఫ్రెంచి సివిల్ కోడ్ 1804లోనే ప్రకటించింది. 2016 సంస్కరణ తర్వాత ఆ సూత్రం 1103వ అధికరణంలో ఉంది. ఉభయుల సమ్మతి గాని, చట్టం అనుమతించే కారణం గాని లేకుండా దాన్ని మార్చడానికీ రద్దు చేయడానికీ వీలులేదని 1193వ అధికరణం చెబుతుంది.

కనుక మొదట పరిశీలించవలసింది “చట్టబద్ధంగా కుదిరిన” అన్న మాటనే. సమ్మతి మోసం వల్లనో బెదిరింపు వల్లనో ఇచ్చినదైతే ఒప్పందాన్ని రద్దు చేయమని కోరవచ్చు. ఫ్రాన్సులో ఇందుకు ఐదేళ్ల గడువుంది. మోసమైతే అది బయటపడిన రోజు నుంచి, బెదిరింపైతే అది ఆగిన రోజు నుంచి లెక్కిస్తారు. సన్నీతికి విరుద్ధమైన లావాదేవీ చెల్లదని జర్మన్ కోడ్ 138వ సెక్షన్ అంటుంది.

ఒప్పందం చెల్లుతుందని తేలితే, నెరవేర్చడం అసాధ్యమైందా, కష్టమైందా అన్నది విడదీసి చూడాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మన అదుపులో లేని, ముందుగా ఊహించడానికి వీలులేని, తగిన జాగ్రత్తలతోనూ తప్పించుకోలేని ఘటన అడ్డుపడితేనే ఫ్రెంచి కోడ్ 1218వ అధికరణం రక్షిస్తుంది. చేతిలో డబ్బు లేకపోవడం ఆ కోవలోకి రాదు.

కష్టం విషయంలో చరిత్ర కఠినమైనది. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతంలో క్రాపోన్ కాలువ నీటి తీరువా పదహారో శతాబ్దపు ఒప్పందాల ప్రకారమే నిలిచిపోగా, నిర్వహణ ఖర్చు ఎన్నో రెట్లు పెరిగిందని కింది కోర్టు ఆ తీరువాను పెంచింది. 1876లో ఫ్రెంచి అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసి, ఎంత కాలం గడిచినా, ఎంత న్యాయంగా తోచినా పక్షాల ఒప్పందాన్ని న్యాయమూర్తి మార్చరాదని చెప్పింది. నా దృష్టిలో ఆ తీర్పు ఒప్పందాన్ని కాపాడింది గాని, దాని వెనకున్న సమతూకాన్ని కాపాడలేదు. ఆ లోటును 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న 1195వ అధికరణం కొంత పూడ్చింది: సంతకాల నాటికి ఊహించలేని మార్పు వల్ల నెరవేర్పు అతి భారమైతే, ఆ నష్టభయాన్ని తన మీద వేసుకోని పక్షం మళ్లీ చర్చలు కోరవచ్చు, అవి విఫలమైతే చివరికి కోర్టు ఒప్పందాన్ని సవరించవచ్చు లేదా ముగించవచ్చు. చర్చలు సాగుతున్నంతకాలం మాత్రం తన బాధ్యతను నెరవేరుస్తూనే ఉండాలి. ఆపివేస్తే ఉల్లంఘన మన మీదే పడుతుంది. జర్మనీలో 2002 నుంచి 313వ సెక్షన్ ఇలాంటి సవరణకు అవకాశమిస్తోంది. ఇటలీ కోడ్ 1467వ అధికరణం కింద భారం పడిన పక్షం రద్దు కోరితే, అవతలివారు న్యాయమైన సవరణకు ముందుకొచ్చి దాన్ని నివారించవచ్చు.

అందువల్ల మళ్లీ చర్చలు కోరుతూ అవతలి పక్షానికి లేఖ రాసేటప్పుడు మార్పు ఎప్పుడు వచ్చిందో, అది సంతకాల తర్వాతిదేనని ఎలా తెలుస్తుందో, ఖర్చు ఎంత నుంచి ఎంతకు పెరిగిందో అంకెలతో చూపాలి. అంతకుముందే ఒప్పందంలో 1195వ అధికరణాన్ని వదులుకునే షరతు ఉందేమో చదువుకోవాలి, ఎందుకంటే అలాంటి షరతు సాధారణంగా చెల్లుతుంది.

ఈ దారులన్నీ మూసుకుపోయినా ఫ్రాన్సులో రెండు ఉపశమనాలు మిగులుతాయి: స్పష్టంగా మితిమీరిన జరిమానా షరతును న్యాయమూర్తి తగ్గించవచ్చు, బాకీ చెల్లింపును రెండేళ్ల వరకు వాయిదా వేయవచ్చు లేదా వాయిదాలుగా విడగొట్టవచ్చు. ఈ రెండింటినీ ఒప్పందంలో ముందే తోసిపుచ్చినా ఆ రాత చెల్లదు.