ప్రింట్ సగంలో కలర్ పోతోందా? హెడ్ మీద చెయ్యి వేసే ముందు ఇది చూడండి

సాల్వెంట్ మెషిన్‌లో (ఫ్లెక్సీలు, వినైల్ కొట్టే పెద్ద ప్రింటర్) గీతలొస్తున్నాయని ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేది ఒక్కటే, నాజిల్ టెస్ట్ తీశారా అని. అంటే హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నరంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే చిన్న ప్రింట్. చాలామంది తియ్యరు, నేరుగా హెడ్ పోయిందనేస్తారు. దయచేసి ముందు ఆ టెస్ట్ తియ్యండి.

టెస్ట్ నిండుగా ఉండి గీతలు సమానదూరంలో పడుతుంటే అది స్టెప్ తేడా, అంటే ఒక్కో వరుసకి మీడియా (ప్రింటయ్యే షీటు) జరిగే దూరంలో తేడా. తెల్లగీత అయితే మీడియా ఎక్కువ జరుగుతోంది, ముదురుగీత అయితే తక్కువ జరుగుతోంది. హీటర్లు వేడెక్కాకే సరిచెయ్యండి, చల్లటి మెషిన్ మీద చేసింది నిలవదు. టెస్ట్‌లో ప్రతిసారీ అవే నాజిల్స్ పోతుంటే చాలావరకు ఎండిన ఇంకే, ముందు క్లీనింగ్ చెయ్యండి. రోజుకోచోట పోతుంటే క్యాప్ (ఆగినప్పుడు హెడ్‌ని కింద నుంచి మూసి ఉంచే మూత) చూడండి: అందులో క్లీనింగ్ లిక్విడ్ నింపి వదిలేస్తే, పంపు తిరగకుండానే ఖాళీ అయిపోతోందంటే గాలి లాగుతున్నట్టే.

నన్ను నిండా ముంచింది మాత్రం వేరే. టెస్ట్ బాగుంటుంది, మొదటి అరమీటరు కూడా బాగుంటుంది, ఆ తర్వాత ఒక్క కలర్ మాత్రం, అదీ సాలిడ్ (ఖాళీ లేని నిండు రంగు) ఉన్నచోట, పలచబడుతూ పోతుంది, కాసేపు ఆపితే మళ్ళీ మామూలే. నేను క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టి చివరికి హెడ్డే మార్చేశాను, కొత్త హెడ్ మీదా మెజెంటా సరిగ్గా అక్కడే పలచబడింది. అప్పుడర్థమైంది, హెడ్ బాగానే ఉంది, దానికి చాలినంత ఇంకు అందట్లేదు.

తేల్చుకోవడం తేలిక. అనుమానం ఉన్న కలర్‌ని నూటికి నూరు సాలిడ్‌గా ఒక మీటరు కొట్టి, ఆగకుండా వెంటనే నాజిల్ టెస్ట్ తియ్యండి. నాజిల్స్ పోయాయా? పది నిమిషాలాగి మళ్ళీ తియ్యండి, క్లీనింగ్ కొట్టకుండా. వాటంతటవే తిరిగొస్తే తప్పు డాంపర్‌లోనో (హెడ్ పైన ఇంకు వడకట్టి అందించే చిన్న డబ్బా) ఇంకు పైపులోనో ఉంది. మెషిన్ పవర్ పూర్తిగా తీసేసి (హెడ్ కేబుల్ మీద ఒక్క ఇంకు చుక్క పడినా హెడ్డూ బోర్డూ రెండూ పోవచ్చు) డాంపర్ విప్పి, సిరంజితో మెల్లగా లాగండి. బిగుసుకుపోయినట్టుంటే లోపలి జాలీ మూసుకుపోయింది, మార్చెయ్యండి. తేలిగ్గానే వస్తూ బుడగలు కూడా వస్తుంటే పైపుని డాంపర్‌కి పట్టి ఉంచే నట్టు కింద ఉన్న ఓరింగ్ (రబ్బరు రింగు) చూడండి, సాల్వెంట్‌కి ఉబ్బిపోయో చిట్లిపోయో ఉంటుంది. అక్కడే పైపు చివర నలిగి ఉంటే కొత్త బ్లేడుతో ఒక సెంటీమీటరు నిటారుగా కోసి కొత్త ఓరింగ్ వెయ్యండి. నట్టు చేత్తోనే బిగించండి, పట్టకారు పెడితే డాంపర్ మెడ పగులుతుంది, మళ్ళీ గాలి మొదలు.

ఎన్‌కోడర్ స్ట్రిప్ (హెడ్ ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే పారదర్శక పట్టీ) మురికి వల్ల కూడా అక్షరాలు చెదురుతాయి గానీ తక్కువ, తడిగుడ్డతో తుడిస్తే సరి, సాల్వెంట్ మాత్రం వద్దు, దాని మీద ఉన్న సన్నగీతలే చెరిగిపోతాయి. బోర్డు పోవడం ఇంకా అరుదు, దాని జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

డాంపర్ మార్చాక కవర్ వెంటనే మూసెయ్యకండి, ఇంకు ఎక్కించి అదే కలర్ ఇంకో మీటరు సాలిడ్ కొట్టి, మొదటి అంగుళాన్నీ చివరి అంగుళాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.