వాటర్ పంప్ పోయేముందు ఇక్కడ చూడండి

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవాన్ని తిప్పే కారు వాటర్ పంప్ ఉన్నట్టుండి పోవడం తక్కువ, చాలావరకు ముందే సూచన ఇస్తుంది, మనమే బానెట్ ఎత్తి చూడం. పంప్ బాడీకి చిన్న రంధ్రం ఉంటుంది, వీప్ హోల్ అంటారు. లోపలి సీల్ అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా అందులోంచి బయటికి కారుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్చ్ వేసి చూడండి, కొద్దిపాటి పాత మరకైతే పర్లేదు గానీ దాని కింద తడిగా ఉన్నా, రంగు చార రోజురోజుకీ పెరుగుతున్నా సీల్ పనైపోయినట్టే. కారుతోంది కదా అని ఏదో పూసి ఆ రంధ్రం మూసేస్తే బేరింగ్ కూడా పోతుంది, దయచేసి ఆ పని చేయకండి. బెల్ట్ తీసినప్పుడు పుల్లీ (బెల్ట్ తిప్పే పంప్ చక్రం) పట్టుకుని ఊపి చూడండి, లూజుగా ఆడకూడదు.

ఉత్త నీళ్లు పోసి నడిపితే లోపల తుప్పు మొదలవుతుంది, కంపెనీ చెప్పిన కూలెంటే వాడండి. టైమింగ్ బెల్ట్‌తో (ఇంజిన్ వాల్వ్‌లను సమయానికి నడిపే బెల్ట్) తిరిగే పంప్ అయితే బెల్ట్ మార్చేటప్పుడే పంప్ కూడా మార్పించేయండి, ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి లేబర్ రెండోసారి కట్టక్కర్లేదు. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్తే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.